సన్యాసమ్మ చెప్పిందీ, నేను చెప్పిందీ

ఈమధ్య రాయగడలో, ఆసుపత్రుల్లో కొత్తగా చేరిన అటెండర్లకి శిక్షణ పెట్టి, నన్ను కూడా వచ్చి మాట్లాడమన్నారు. ఉద్యోగం దిగిపోయిన ముసలాణ్ణి ఎవరో గుర్తుపెట్టుకుని పిలిస్తే ఎవరికి సంతోషంగా ఉండదు? వస్తానన్నాను. ఫోను పెట్టేసే ముందు ఆ అబ్బాయి, "పైడిరాజు గారూ, మీ గుమ్మడికాయ కథ మాత్రం తప్పకుండా చెప్పాలండి, పిల్లలు పడీ పడీ నవ్వుతారు" అన్నాడు. ఆ కథ తప్ప ఏదైనా చెబుతానన్నాను. అదే కావాలన్నాడు. ఒంట్లో బాగులేదని అబద్ధం చెప్పి తప్పించుకున్నాను.

నాకు జ్వరమూ లేదు, దగ్గూ లేదు. ఆ పిల్లల ఎదుట నిలబడటానికి ముఖం చెల్లలేదు, అంతే. వాళ్ళకి చెప్పవలసింది ఇలా కాగితం మీద పెడుతున్నాను. చదివి నన్ను ఏమనుకున్నా ఫరవాలేదు. ఆ కథ మాత్రం ఎక్కడైనా ఫోనులో కనిపిస్తే నవ్వొద్దని నా మనవి.

అసలు ఉద్యోగం

నా ఉద్యోగం పేరు అటెండరు. ఓ.పి. గది తలుపు దగ్గర నిలబడి, నంబరు పిలిచి, ఒకరి తర్వాత ఒకరిని లోపలికి పంపాలి. తోసుకొచ్చేవాళ్ళని ఆపాలి. డాక్టరుకి టీ తేవాలి. ఉత్తర్వులో ఉన్నది అంతే. నేను నిజంగా చేసిన పని వేరు, దానికి పేరూ లేదు, జీతమూ లేదు.

మా డాక్టర్లు ఎక్కువమంది కటక్ వైపు నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళకి ఒడియా, ఇంగ్లీషు. గుణుపురం వైపు నుంచి వచ్చే మన తెలుగు రైతులకి ఒడియా అంటే బజారులో బేరమాడే మాటల వరకే. కోరాపుట్ కొండల మీంచి దిగేవాళ్ళది దేశియా. నాకు మూడూ వచ్చు. మా నాన్న విజయనగరం దగ్గర పల్లె నుంచి వచ్చి రాయగడ మునిసిపాలిటీలో కాలవలు తీసే పనిలో చేరాడు. మా అమ్మ సంతల్లో ఎండుచేపలు అమ్మేది. ఆమె గంప పక్కన కూర్చుని దేశియా, వీధి పిల్లలతో తన్నుకుంటూ ఒడియా నేర్చుకున్నాను. బళ్ళో నేర్చింది తక్కువ. అయినా ఓ.పి. గదిలో డాక్టరుకీ రోగికీ మధ్య నిలబడి, ఇటు మాట అటు, అటు మాట ఇటు చెబుతున్నప్పుడు, ఈ గదిలో నేను లేకపోతే ఒక్క మాట నడవదని లోలోపల పొంగిపోయేవాణ్ణి. ఆ పొంగు చాలాకాలం దిగలేదు.

నా మొదటి డాక్టరు దసమంతపూర్‌లో. హస్తవాసి మంచిది, ఓపిక తక్కువ. రోగి నోరు విప్పిన కాసేపటికే నావైపు తిరిగి "సంక్షేపరె కుహ" అనేవాడు, క్లుప్తంగా చెప్పమని. ఆ మాట నాకు గురుమంత్రమైపోయింది. ఎంత పొడుగు గోడునైనా ముక్కలో తేల్చెయ్యడంలో నన్ను మించినవాడు లేడని ఆయనే ఒకసారి అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఆ మెప్పు కోసం నేను చేసిందేమిటో చెబుతాను. రోగి నోట్లోంచి ఒంటి భాగం పేరు ఎప్పుడు పడుతుందా అని కాచుకునేవాణ్ణి. కడుపో, తలో, నడుమో దొరికిందా, అక్కడితో నా చెవులు మూసుకుపోయేవి. తల మాత్రం ఊపుతూ ఉండేవాణ్ణి. తల ఊపడం చాలా సులువైన విద్య, పిల్లలూ. చేరిన కొద్దిరోజుల్లోనే మీకూ వచ్చేస్తుంది. ఎదుటి మనిషికి మీరు వింటున్నట్టే ఉంటుంది, మీ మనసు క్యాంటీన్లో టీ తాగుతూ ఉంటుంది.

పొట్టంగి డాక్టరమ్మ

ఇంకో రకం మనిషి దగ్గర కూడా పనిచేశాను. పొట్టంగికి బదిలీ అయినప్పుడు అక్కడొక డాక్టరమ్మ ఉండేది. వయసులో నాకంటే చిన్నది. ఆవిడతో వేగడం నావల్ల కాదనుకున్నాను, ఎందుకంటే ఆవిడ రోగిని మాట్లాడనిచ్చేది. బయట వరస గేటు దాటి రోడ్డెక్కినా ఆవిడకి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

ఒకరోజు ఒక ముసలాయన కొడుకు భుజం పట్టుకుని వచ్చాడు. దేశియాలో మొదలుపెట్టాడు. ఈ ఏడు వాన ముందే వచ్చిందన్నాడు, మేక చచ్చిపోయిందన్నాడు, అన్నదమ్ముడు గట్టు జరిపాడన్నాడు. మధ్యలో వాంతులన్న మాట పడింది. నేను వెంటనే "పొద్దుటి నుంచి వాంతులు, మేడమ్" అని ముగించేశాను. ఆవిడ చీటీ మీద కలం పెట్టలేదు.

"ఆయన ఇంకా మాట్లాడుతున్నాడు కదా. నువ్వెందుకు ఆగిపోయావు?" అంది.

"అవి ఇంటి గొడవలు మేడమ్, జబ్బు కాదు."

"అది నువ్వు తేల్చకు. చెప్పు."

విసుక్కుంటూ చెప్పాను. గట్టు గొడవ, పంచాయితీ, కొడుకు ఎవరి పక్షం మాట్లాడాడో అదంతా అయ్యింది. అప్పుడావిడ కొడుకుని బయటికి పంపించి, ముసలాయన మోచెయ్యి మీద చెయ్యి వేసింది. ఆయన నేలకేసి చూస్తూ, అల్లం తోటకి కొట్టే మందు తాగానని చెప్పాడు. ఆ తర్వాత అందరం పరుగులే. మనిషి బతికాడు.

మన ప్రాంతంలో తెలుగువాళ్ళయినా దేశియావాళ్ళయినా నొప్పి ఉన్న చోటు ముందుగా చెప్పరు. వచ్చీ రాగానే నా కడుపు, నా నడుము అనడం సిగ్గులేనితనమనుకుంటారు. ఏ ఊరో, ఎవరి కోడలో, పంట ఎలా ఉందో, అత్తగారి గేదె ఎప్పుడు ఈనిందో చెబుతారు. ఎదుటివాడు వింటున్నాడన్న నమ్మకం కుదిరితే, ఇక లేచి వెళ్ళబోతూ అసలు సంగతి చెబుతారు. నమ్మకం కుదరకపోతే చెప్పకుండానే వెళ్ళిపోతారు. డాక్టరమ్మ ఈ మాట నాకు విడమరిచి చెప్పింది. నేను కాంపౌండరు దగ్గరికి వెళ్ళి, ఈవిడకి అదృష్టం కలిసొచ్చింది గానీ ఇలాగైతే సాయంత్రానికి వరస తెమలదని నవ్వాను. కళ్ళారా చూసి కూడా నేర్చుకోని మొండితనం నాది. మా ఊరు రాయగడకే బదిలీ అయి, తొందరగా పని ముగించే డాక్టరు దొరికినప్పుడు, నా పాత విద్య నాకు చక్కగా అక్కరకొచ్చింది.

నవ్వించే విద్య

ఉద్యోగం దిగాక కొన్నాళ్ళు ఇంట్లో తోచక పిచ్చెక్కినట్టు తిరిగాను. మా ఆవిడ నరసమ్మ వంటగదిలో డబ్బాలు నేను సర్దడం, అవి ఆవిడకి దొరక్కపోవడం. ఒకనాడు చేతులెత్తి దణ్ణం పెట్టింది.

"ఓలమ్మో, మీకు పున్నెముంటాది. ఎక్కడికైనా ఎల్లి ఏటైనా నేర్సుకోండి. నా వంటింట్లోకి మాత్రం రాకండి."

మా వీధి చివర కమ్యూనిటీ హాల్లో నాలాంటివాళ్ళు ఆదివారాలు పోగయ్యేవారు. రైల్వేలో చేసి దిగిన అప్పారావు అరవై దాటాక హార్మోనియం మొదలుపెట్టాడు, ఆ పెట్టె అతనితో పాటు మమ్మల్ని కూడా ఏడిపించేది. ఇంకొకాయన బొమ్మలు వేసేవాడు. నాకు చేతులతో ఏదీ రాదు. నోరుంది. ఆసుపత్రి సంగతులు కథలుగా చెప్పడం మొదలుపెట్టాను.

ఇన్నేళ్ళూ అందరి మాటలూ కత్తిరించిన నోటికి సాగదీసి చెప్పడంలో ఎంత రుచి ఉందో అప్పుడు తెలిసింది. ఎక్కడ ఆగాలి, ఎక్కడ గొంతు మార్చాలి, ఎక్కడ అమాయకంగా ముఖం పెట్టాలి, అన్నీ సాధన చేశాను. అద్దం ముందు నిలబడి చేసేవాణ్ణంటే నవ్వుతారేమో. ఆ వయసులో ఒక కొత్త పని వంటబడుతుంటే వచ్చే ఉత్సాహం మీకిప్పుడు అర్థం కాదు. మళ్ళీ ఉద్యోగంలో చేరినట్టుండేది. వాటిల్లో అందరూ మళ్ళీ మళ్ళీ అడిగి చెప్పించుకున్నది గుమ్మడికాయ కథ.

కథ ఇది. గుణుపురం దగ్గర పల్లె నుంచి మా రాయగడ ఆసుపత్రికి ఒకామె వస్తుంది. చంకలో ఆడపిల్ల. మొగుడు డాక్టరు గారికని ఇంత లావు గుమ్మడికాయ తెచ్చి, గుమ్మం దాటి లోపలికి రావడానికి మొహమాటపడి, కాయని బిడ్డలా ఎత్తుకుని బయటే నిలబడతాడు. డాక్టరు, ఏమిటి బాధ అంటాడు. ఆమె తన పెళ్ళినాటి నుంచి మొదలుపెడుతుంది. అత్తగారి గేదె, తోటికోడలి పట్టీలు, వంశధార వరద, పొలంలో పడ్డ పందులు. ఇక్కడ నేను సన్నటి గొంతు పెట్టి, చెయ్యి తిప్పుతూ, ఊపిరి తీసుకోకుండా ఆమెలా మాట్లాడతాను. జనం అప్పటికే పొట్ట పట్టుకుంటారు. అటు గుమ్మం దగ్గర మొగుడి చేతులు నొప్పిపుట్టి, గుమ్మడికాయ ఈ భుజం నుంచి ఆ భుజానికి మారుతూ ఉంటుంది. చివరికి ఆమె ఆగుతుంది. డాక్టరు నావైపు తిరిగి, ఏం చెప్పిందంటాడు. నేను చేతులు కట్టుకుని ఒడియాలో "పేట బథా, ఆగ్యా" అంటాను. కడుపు నొప్పి, అయ్యా. అంతే. హాలు దద్దరిల్లిపోయేది. చప్పట్లు తగ్గాక, డాక్టరు వద్దన్నాడని ఆ కాయ మేమే ఇంటికి తీసుకెళ్ళి పులుసు పెట్టుకున్నామని చెబితే మళ్ళీ నవ్వేవాళ్ళు.

ఆమె పేరు కథలో సన్యాసమ్మ. నిజం పేరు కూడా అదే. మార్చాలని నాకు తట్టనైనా లేదు. అప్పారావు ఆ కథని ఫోనులో తీసి వాట్సాప్‌లో పెట్టాడు. అది పొట్టంగి నుంచి గుణుపురం దాకా తిరిగింది. బజారులో నన్ను చూసి "పేట బథా, ఆగ్యా" అని పలకరించేవాళ్ళు తయారయ్యారు. నేను మురిసిపోయాను.

గౌరి

ఒక మధ్యాహ్నం ఒకామె మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ముప్పై అయిదు, నలభై మధ్య ఉంటుంది. చేతిలో జంతికల పొట్లం. తెరుబలిలో ఫ్యాక్టరీ గేటుకి కొంచెం ఇవతల టిఫిన్ కొట్టు నడుపుతానని, పేరు గౌరి అని చెప్పింది.

"గుమ్మడికాయ కథ మీదేనా బాబూ?"

"నాదేనమ్మా. కూర్చో, కూర్చో" అన్నాను, ఇంకో అభిమాని దొరికిందనుకుంటూ.

"ఆ గుమ్మడికాయ మా అయ్యదండి. ఆ సంకలో గుంటని నానే."

తిట్టడానికి వచ్చిందనుకున్నాను. తిడితే ఎంతో బాగుండేది. ఆమె నవ్వుతోంది.

"నవ్వొచ్చింది బాబూ. మా ఆయన ఫోన్లో సూపించేడు. మా యమ్మ పేరు ఇనేసరికి ఇంక ఆగలేకపోనాను. మా యమ్మ నాకు తెలీదండి. ఆసుపత్రి నుంచి ఊరెల్లినాక ఎన్నాళ్ళో ఉన్నేదు. అప్పటికి నాకు ఊహే నేదు."

ఆ మనిషి చనిపోయిందని నాకు అప్పటిదాకా తెలియదు. చనిపోయిన మనిషి గొంతు పెట్టి నేను ఇన్నాళ్ళూ చప్పట్లు కొట్టించుకున్నాను. గౌరి నా ముఖంలోకి చూడకుండా పొట్లం విప్పుతూ మాట్లాడుతోంది.

"ఇంట్లో ఆవిడ మాటాడే మనిషి కాదంట. మా అయ్య ఎప్పుడూ సెప్పీవోడు, 'మీ యమ్మ ఆసుపత్రిలో ఆ బాబుతోటి మాటాడినంత మాట నా కాపరంలో నానెప్పుడూ ఇన్నేదు' అని. ఆడు గుమ్మం బయట ఉండిపోనాడు కదా, ఏటి సెప్పిందో ఆడికీ తెలీదు. పోయినేడు ఆడూ ఎల్లిపోనాడు. మా యమ్మ మాట ఇన్నోలు ఇంక మీరొక్కలే." పొట్లం నా ముందుకి జరిపి, "మీరు పెట్టే ఆ గొంతు, మా యమ్మ గొంతేనా?" అంది.

ఆ గొంతు మా వీధిలో పాలు పోసే ముసలమ్మది. నవ్వు వస్తుందని ఎత్తుకొచ్చి తగిలించాను. "అవునమ్మా" అన్నాను.

"మరి ఏటి సెప్పింది బాబూ? గేదె, పందులూ కాదు. అయి నవ్వుకోడానికి మీరు కలిపేరని నాకు తెల్సు. నిజంగా ఏటి సెప్పింది?"

గేదె, పట్టీలు, వరద అన్నీ నేను కల్పించినవే. ఆమె ఏం చెప్పిందో నాకు తెలియదు. మరిచిపోయానని కూడా అనలేను, మరిచిపోవాలంటే ముందు వినాలి కదా. కడుపు అన్న మాట దొరికింది, నా చెవులు మూసుకుపోయాయి. ఆ తర్వాత చెప్పిన కొద్దీ నా కథే నాకు గట్టిపడింది, అసలు మనిషి దాని కింద ఎక్కడో పడిపోయింది.

తెలియదమ్మా అంటే సరిపోయేది. ఒక్క మాట. కానీ ఎదురుగా అంత ఆశగా చూసే శ్రోత కూర్చుంటే, కథలు చెప్పడం మరిగిన నోరు ఊరుకోదు. మొదలుపెట్టాను.

"నీ గురించే సెప్పిందమ్మీ. అంతసేపూ నీ గురించే" అన్నాను, తెలియకుండానే నా యాస కూడా వాళ్ళ ఊరివైపు తిరిగిపోయింది. "నా గుంట నాలాగ మట్టిలో పడి ఉండకూడదు బావూ అంది. అప్పుడు అటేపు తెల్లబట్టల్లో సిస్టరమ్మ ఎల్తంది. ఆవిడకేసి సెయ్యి సూపించి, నా బిడ్డ అలగ అవ్వాల, నాలాంటోలకి ఓ సుక్క మందు పొయ్యాల, మా యింటి ఆడగుంట ఒక్కతైనా అలగ అవ్వాల అంది." ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాను. గొంతు ఎక్కడ తగ్గించాలో అక్కడ తగ్గించాను. చివర్లో నా కళ్ళు నేనే తుడుచుకున్నాను. అబద్ధానికి కన్నీళ్ళు కూడా నిజంగానే వచ్చాయి, ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు.

గౌరి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నా కాళ్ళకి దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. నరసమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నది.

"ఈ ముక్క మీరు నాకెప్పుడూ సెప్పనేదే" అంది.

"ఏదోలే. ఆ పిల్ల సంతోషం కోసం అన్నాను."

"సంతోషం ఆ గుంటకా, మీకా?"

ఆవిడ జంతికల పొట్లం ముట్టుకోలేదు.

ఫోను

కొన్ని వారాలకి ఒక ఫోను వచ్చింది. ఆడపిల్ల గొంతు, తొందర తొందరగా ఉంది.

"తాతా, నాను మణినండి. తెరుబలి గౌరి కూతుర్ని. ప్లస్ టూ అయిపోనాది నాకు. నాను ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ సదువుదామనుకున్నాను. అమ్మ కూడా ముందు సరే అంది. మీ కాడికొచ్చి ఎల్లిన కాడి నుంచి నర్సింగే అంటంది. అమ్మమ్మ ఆకరి మాటంట. రోజూ ఏడస్తంది. నాకు నెత్తురు సూత్తే కళ్ళు తిరుగుతాయి తాతా. అమ్మమ్మ నిజంగా అలగ సెప్పిందా?"

ఇదే మంచి సమయం. లేదమ్మీ, నేను కల్పించాను అంటే అక్కడితో తెమిలిపోయేది. కానీ ఆ పిల్ల దగ్గర అబద్ధాలకోరుగా దొరికిపోవాలంటే ప్రాణం ఒప్పలేదు. బజారులో నన్ను పలకరించేవాళ్ళందరూ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగారు.

"సెప్పిందమ్మీ" అన్నాను.

"సరేలెండి అయితే" అని ఫోను పెట్టేసింది.

గౌరికి అబద్ధం చెప్పినప్పుడు జాలి అని పేరు పెట్టుకున్నాను. దీనికి ఏ పేరూ దొరకలేదు. నెత్తురు చూస్తే కళ్ళు తిరిగే పిల్లని, ఎవరూ అనని మాట పట్టుకుని జీవితకాలం ఆసుపత్రిలోకి తోస్తున్నాను. ఆ ఆదివారం హాల్లో గుమ్మడికాయ కథ అడిగితే లేచి నిలబడ్డాను గానీ, నీళ్ళు తాగొస్తానని బయటికి వచ్చి అలాగే ఇంటికి వచ్చేశాను. మర్నాడు నరసమ్మ ఉతికిన చొక్కా తీసి మంచం మీద పెట్టి, "తెరుబలి బస్సు పొద్దున్నే ఉంటాది" అంది.

తెరుబలి

గౌరి కొట్టులో పొద్దుటి షిఫ్టు దిగినవాళ్ళు ఇడ్లీలు తింటున్నారు. నన్ను చూసి ఆమె ముఖం వెలిగిపోయింది. కుర్చీ తుడిచి వేసింది, మణిని పిలిచి "తాతకి దణ్ణమెట్టు" అంది. ఆ పిల్ల పెట్టింది. గౌరి తింటున్నవాళ్ళకి నన్ను చూపించి, మా యమ్మ మాట ఇన్న బాబు ఈయనే అని చెప్పింది. నేను టీ కూడా తాగలేదు. జనం తగ్గేదాకా ఆగుదామనుకుని, ఆగితే ధైర్యం పోతుందని భయం వేసి, అక్కడే చెప్పేశాను.

"గౌరమ్మా, మీ యమ్మ నర్సు మాట అననేదు. నాను కలిపి సెప్పేను. ఆవిడ ఏటి సెప్పిందో నాకు తెలీదు. ఆ రోజు నాను ఇన్నేదు."

ఆమెకి వెంటనే అర్థం కాలేదు. రెండోసారి చెప్పాల్సి వచ్చింది. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టమైంది. గరిటె గిన్నెలో వదిలేసి వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"ఆ గొంతు?"

"అది కూడా మీ యమ్మది కాదు."

"నవ్వడానికి ఓపాలి వాడుకున్నారు. ఏడవడానికి ఓపాలి వాడుకున్నారు. మా యమ్మ మీకేటయ్యింది బాబూ?"

తింటున్నవాళ్ళు తినడం ఆపి చూస్తున్నారు. నా కథ ఫోనులో చూసి నవ్వినవాళ్ళు వాళ్ళలోనూ ఉండే ఉంటారు.

"రోగం ఏటో ఆ మాటల్లో సెప్పిందేమో? సెప్పే ఉంటాది కదా?" అంది గౌరి. గొంతు బాగా తగ్గిపోయింది.

"సెప్పే ఉంటాదమ్మా. నాను కడుపు నొప్పనే సెప్పేను డాక్టరుకి."

ఇంతకంటే పెద్ద మాట నా జీవితంలో ఎవరికీ చెప్పలేదు. నా ముక్క మాట మీద చీటీ రాశారు. ఆ చీటీతో ఆమె ఊరెళ్ళిపోయింది. పూర్తిగా చెప్పి ఉంటే బతికేదా అంటే ఏమో, నాకు తెలియదు. తెలియకపోవడమే నాకు పడిన శిక్ష. పొట్టంగి డాక్టరమ్మ ఎదుట నిలబడి అన్నీ చూసినవాణ్ణి, తెలియక చేశానని కూడా అనుకోలేను.

మణి మాత్రం తనకి నచ్చిన ఎలక్ట్రీషియన్ కోర్సులోనే చేరింది. అందులో నా గొప్పేమీ లేదు, నేను గోతిలో పడేసిన పిల్ల తనంతట తనే పైకొచ్చింది. గుమ్మడికాయ కథని అప్పారావు చేత తీయించేశాను. అప్పటికే పదిమంది ఫోన్లలో ఉన్నదాన్ని ఎవరూ తీయలేరు. హాలుకి ఇంకా వెళుతున్నాను, ఆ పిచ్చి పోలేదు. ఆసుపత్రి సంగతులు మాత్రం చెప్పను, మా అమ్మతో తిరిగిన సంతల గురించి చెబుతాను. అవి చెబుతున్నప్పుడు కూడా ఎక్కడ కలుపుతున్నానో అని భయంగానే ఉంటుంది.

కొత్తగా చేరిన పిల్లలూ, వరస పెరుగుతుంది. డాక్టరు కసురుకుంటాడు. మీ కాళ్ళు పీకుతాయి. అయినా రోగి ఆపేదాకా మీరు ఆపకండి. మీకు అనవసరం అనిపించిన మాటని కూడా అవతలికి అప్పజెప్పండి, అది మీది కాదు గనక. అర్థం కాకపోతే అర్థం కాలేదనండి. వినకపోతే వినలేదని అప్పటికప్పుడే అనండి. లేకపోతే ముసలితనంలో ఆ మాట అనడానికి బస్సెక్కి వెళ్ళాల్సి వస్తుంది.

ఆ రోజు నేను లేచి వచ్చేస్తుంటే గౌరి కొట్టు అరుగు దాకా వచ్చింది. కోపం దిగలేదు, అయినా వచ్చింది.

"ఒక్క ముక్క కూడా గుర్తు నేదా బాబూ? కలిపింది కాదు. నిజంగా మా యమ్మ నోట్లోంచి వచ్చింది, ఒక్కటి."

ఉంది. అది ఎప్పుడూ మరిచిపోలేదు. ఏ కథలోనూ పెట్టలేదు, ఎందుకంటే దానికి ఎవరూ నవ్వరు.

"ఉందమ్మీ. మాటాడతా మాటాడతా మజ్జిలో ఆగింది. నా మొకంలోకి సూసి, 'ఇంటన్నావా బావూ?' అంది."

"మీరేటన్నారు?"

"ఇంటన్నానన్నాను."